కొక్కెం ఫోర్కుకు మీటరు

ఆసుపత్రి లాండ్రీలో నా పక్క మిషను ఆమెది. ఉతికిన దుప్పట్లను వేడి రోలర్ల మధ్యకు పంపి, అవతలికి వచ్చినవాటిని మడతపెట్టడం మా పని. ఒక కొస ఆమె పట్టుకుంటే రెండో కొస నేను పట్టుకునేదాన్ని. దుప్పటికి అటొకరం ఇటొకరం నిలబడి చెప్పుకున్న మాటల్లోంచే ఆమె సంగతంతా నాకు తెలిసింది.

లాండ్రీలో అందరూ ఆమెను కొక్కెం అక్క అనేవారు. మనిషి అలా ఉంటుందని కాదు. ఆమె ఎక్కి వచ్చే సైకిలు అలాంటిది. మామూలు సైకిలుకి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు అంటే రెండు గుండ్రటి గొట్టాలు. తిన్నగా దిగి, చివర కాస్త ముందుకు వంగుతాయి. ఆమె సైకిలుకి ఆ రెండు కాళ్ళూ కత్తి బద్దల్లా చదునుగా ఉండేవి. పైనుంచి దిగుతూ దొడ్డికాళ్ళవాడి కాళ్ళలా చెరో పక్కకీ విల్లులా వంగి, ముందుకు సాగి, అక్కడ మెలి తిరిగి కొక్కెంలా వెనక్కి వచ్చి ఇరుసును పట్టుకునేవి. "బండి ఎక్కడ గుద్దావమ్మా?" అని దారినపోయేవాళ్ళు అడిగేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఆమెకు బాగా అలవాటైన పని అదొక్కటే, నవ్వి ఊరుకోవడం.

ఆ ఫోర్కు చేసింది ఆమె భర్త. ఇనప మంచాల ఫ్యాక్టరీలో వెల్డరు. పగలంతా మంచాల కోళ్ళు అతికించి, సాయంత్రం ఇంటికొచ్చి పెరట్లో సైకిలు గొట్టాలు వంచేవాడు. గుండ్రటి గొట్టాన్ని గాలి గుద్దుకుంటుంది, చదును బద్ద అయితే గాలిని కోసుకుపోతుంది అనేది ఆయన నమ్మకం. చక్రంతో పాటు తిరిగే గాలి బయటికి పోవడానికి దారి ఉండాలని కాళ్ళను పక్కలకు వంచాడు. చదువుకుని చెప్పిన మాట కాదు, ఎవరినీ అడిగిందీ లేదు. ఆయనకు తోచింది, చేశాడు. చేసింది మాత్రం చేతులెత్తి దణ్ణం పెట్టేంత నున్నగా చేశాడు. అతుకు ఎక్కడుందో వేలికి దొరకదు.

చేసింది బావమరిది కోసం. కొక్కెం అక్కకు ఒక్కడే తమ్ముడు. సైకిలు పందాల పిచ్చివాడు. అప్పట్లో బావా బావమరుదులు పాలూ నీళ్ళూ. ఆ వంకర ఫోర్కు బిగించుకునే తమ్ముడు ఊళ్ళో పెద్ద పందెం గెలిచాడు. గెలిచాక వేదిక ఎక్కించి, "ఏంటి నీ రహస్యం?" అని అడిగారు. తమ్ముడు తొడలు చరిచి, "ఇవే!" అన్నాడు. జనం ఈలలు వేశారు.

వేదిక కింద బావ ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, తన పేరు ఎప్పుడు పిలుస్తారా అని నిలబడి ఉన్నాడు. పిలవలేదు.

తమ్ముడు కావాలని అన్నాడో, కుర్రతనం కొద్దీ నోరు జారాడో ఎవరికి తెలుసు? ఈయన మాత్రం ఆ మర్నాడే వెళ్ళి ఫోర్కు విప్పించుకుని వచ్చేశాడు. వచ్చి భార్య సైకిలుకు బిగించాడు. బిగిస్తూ ఒకే ఒక్క మాట అన్నాడు.

"వాడి గడప తొక్కితే మళ్ళీ నా గడప తొక్కకు."

ఆమె తొక్కలేదు. మొగుడికీ తోబుట్టువుకీ మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉండిపోయింది. కోపం ఎన్నాళ్ళుంటుందిలే, చల్లారుతుంది అనుకుంది. చల్లారలేదు. ఆయన కోపం కొలిమిలో బొగ్గులాంటిది, పైన బూడిద కనిపిస్తుంది గాని లోపల ఎర్రగానే ఉంటుంది.

ఆ తర్వాత వాళ్ళ అమ్మకు జబ్బు చేసింది. తమ్ముడు తెచ్చి చేర్పించింది మా ఆసుపత్రిలోనే. అమ్మ రెండో అంతస్తులో, ఈమె కింద లాండ్రీలో. నడుమ మెట్లే అడ్డం. "వెళ్ళి చూసిరా అక్కా, ఆయనకెవరు చెప్తారు?" అని నేనే పోరాను. ఒకరోజు తమ్ముడు టీ తాగడానికి కిందికి దిగడం కిటికీలోంచి చూసి, పరిగెత్తుకుంటూ పైకి వెళ్ళింది. అమ్మ నిద్రపోతోంది. లేపితే పలకరిస్తుంది, పలకరిస్తే కొడుకుతో అంటుంది, కొడుకుదాకా పోయిన మాట తిరిగి తిరిగి ఈయన చెవిన పడుతుంది. తలుపు దగ్గరే నిలబడి చూసి, వచ్చేసింది. మళ్ళీ వెళ్దామనుకునేలోపే అమ్మ పోయింది.

ఆ వార్డు దుప్పట్లు మూటగా కిందికి వచ్చిన రోజు నన్ను కొస పట్టుకోనివ్వలేదు. ఏది అమ్మ పక్క మీదిదో ఆమెకూ తెలియదు. అన్నిటినీ ఒక్కతే మడతపెట్టుకుంది. చివరిచూపుకు కూడా వెళ్ళలేదు. "వెళ్తే వెళ్ళు" అన్నాడట ఆయన. ఆ మాటకు అర్థమేంటో ఆమెకు తెలుసు.

ఇదంతా పాత సంగతి. ఏళ్ళు గడిచాయి. వెల్డింగ్ మంట కొంచెం కొంచెంగా ఆయన కళ్ళను తినేసింది. ఎదురుగా ఉన్నది మసకలో కలిసిపోయేది, పక్కన ఉన్నవి మాత్రం కాస్త ఆనేవి. మనిషితో మాట్లాడాలంటే మొహం పక్కకు తిప్పి మాట్లాడేవాడు. తెలియని వాళ్ళకు అలిగినట్టుండేది. పని మానేశాడు. పొద్దున్నే ఆమె పనికి బయల్దేరే ముందు పేపరు చదివి వినిపించాలి. అదొక్కటే ఆయనకు కాలక్షేపం.

ఒకరోజు ఆటల పేజీ చదువుతూ, ఎవరి గురించి చదువుతోందో తెలియకుండానే సగం చదివేసింది. సైకిలు పందాలకు పిల్లల్ని తయారుచేసే ఒక శిక్షకుడు పిల్లలకు చెప్పిన మాటలవి. "ఖరీదైన బండి కావాలని ఇంట్లోవాళ్ళను పీడించకండి. గెలిచేవి కాళ్ళు, బండి కాదు." చదివాక గాని కింద ఫొటో చూడలేదు. జుట్టు నెరిసిన తమ్ముడు.

"ఎవడే ఆ మాటన్నది?" అన్నాడాయన.

ఆమె అబద్ధం ఆడొచ్చు. ఆయనకు ఫొటో కనపడదు. కానీ ఆమె గొంతు అప్పటికే మారిపోయింది.

"వాడేనా? ఇంకా అదే మాటా?" లేచి నిలబడ్డాడు. "ఇంక ఊరుకోను. కొలిచి చూపిస్తా. ఫోర్కు గెలిచిందో వాడి తొడలు గెలిచాయో లెక్క తేలుస్తా."

పుండు మీద కారం పడ్డట్టు ఆ రోజంతా చిందులు వేశాడు. మర్నాడు ఆమెను సైకిలు షాపుకు పంపాడు. వేగం చూపించే మీటరు కావాలట. షాపతను చిన్న డబ్బా తీసి ఇచ్చి, వివరంగా చెప్పాడు. చక్రం పుల్లకు చిన్న అయస్కాంతం బిగించాలి. ఫోర్కు కాలికి సెన్సారు కట్టాలి. అయస్కాంతం సెన్సారు ముందునుంచి పోయినప్పుడల్లా చక్రం ఒక చుట్టు తిరిగినట్టు లెక్క. ఆ లెక్కను బట్టి మీటరు వేగం చెబుతుంది. అంతా చెప్పి, బయటికొచ్చి ఆమె సైకిలు చూసి నోరు తెరిచాడు.

"అక్కా, ఇది గుండ్రటి ఫోర్కుల కోసం చేసిన సరుకు. దీనికి పట్టదు."

"మా ఆయన పట్టిస్తారులే" అంది ఆమె.

సెలవురోజు పెరట్లో ముందు చక్రం నేలకు తగలకుండా సైకిలును ఇటుకల మీదికి ఎత్తి నిలబెట్టారు. ఆయన స్టూలు మీద, ఆమె నేల మీద. ఆయనకు చెయ్యి ఉంది, చూపు లేదు. ఆమెకు చూపు ఉంది గాని స్క్రూడ్రైవరు పట్టడం కొత్త.

సెన్సారు కింద ఉన్న రబ్బరు దోనెలా వంకర తిరిగి ఉంది, గుండ్రటి గొట్టం మీద కూర్చోవడానికి. చదును బద్ద మీద పెడితే గుర్రం మీద కొత్తగా ఎక్కిన మనిషిలా అటూ ఇటూ ఊగింది. ప్లాస్టిక్ పట్టీతో లాగి కట్టింది. బద్ద కిందికి పోయేకొద్దీ సన్నం. చక్రం తిప్పగానే అదురుకు పట్టీ జారి కిందికి పోయింది.

"జారిందండీ."

"జారకేం చేస్తుంది? పాత ట్యూబు కోసి కింద చుట్టు. గట్టిగా."

ట్యూబు ముక్క కోసి చుట్టింది. ఈసారి జారలేదు. చక్రం తిప్పింది. మీటరు మీద సున్నా.

"ఏం చూపిస్తోంది?"

"సున్నా."

"అయస్కాంతానికీ సెన్సారుకీ మధ్య ఎంత ఖాళీ ఉంది?"

"నా బొటనవేలు పడుతుంది."

"బియ్యపుగింజ పట్టేంత ఉండాలే! బొటనవేలు పడితే అది అయస్కాంతాన్ని చూస్తుందా?"

"కాళ్ళు మీరే కదండీ వెడల్పుగా వంచారు" అంది. అన్నాక నాలుక కరుచుకుంది. ఆయన ఆలోచించి, సెన్సారునూ అయస్కాంతాన్నీ ఇరుసు దగ్గరికి దింపమన్నాడు. అక్కడ ఫోర్కు కాళ్ళు మళ్ళీ లోపలికి వస్తాయి, పుల్లలు కూడా బయటికి జరిగి ఉంటాయి, ఖాళీ తగ్గుతుంది. తగ్గింది నిజమే. కానీ సరిగ్గా అక్కడే బద్ద మెలి తిరుగుతుంది. సెన్సారు కట్టగానే దాని మొహం చక్రం వైపు కాకుండా వీధి వైపు తిరిగి కూర్చుంది. ఆమెకు నవ్వొచ్చింది.

"నవ్వుతావేం?"

"ఏం లేదండీ. మొహం పక్కకు తిప్పుకుంది. మీలాగా."

ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో అని ఆమె నాతో అంది. తర్వాత ఆయన స్టూలు దిగి నేల మీద కూర్చున్నాడు. ఆ మెలి దగ్గర బద్దను వేళ్ళతో తడిమాడు, మొదట ఒక పక్క, తర్వాత రెండో పక్క. పాత కిటికీ చట్రం నుంచి ఊడిన అల్యూమినియం పట్టీ తెమ్మన్నాడు. దాన్ని ఇనుమును కదలకుండా పట్టుకునే వైసులో బిగించి, వేళ్ళతో కొలుచుకుంటూ ఒకసారి వంచాడు, ఒకసారి మెలితిప్పాడు. తెచ్చి పెడితే ఆ వంకరకు ఈ వంకర అచ్చుగుద్దినట్టు సరిపోయింది. కింద రబ్బరు, మీద నీళ్ళ పైపుకు వాడే స్టీలు క్లిప్పు. ఆ పట్టీ మీద సెన్సారు ఇప్పుడు చక్రం వైపే చూస్తోంది. ఆమె ఖాళీ చూసింది. బియ్యపుగింజంత.

"ఆ చేతుల్ని చూస్తుంటే పాత కోపాలన్నీ పోయినట్టనిపించింది" అంది నాతో. "ఇంత పని తెలిసిన మనిషి, ఒక్కసారి వేదిక మీద పేరు చెప్పించుకోవాలనుకోవడం తప్పా అనిపించింది."

చక్రం తిప్పింది. మీటరులో అంకెలు కదిలాయి.

"పడింది" అంది.

ఆయన గాలిలోకి చూస్తూ తల ఊపాడు.

సెన్సారును అంత కిందికి దింపడంతో వైరు హ్యాండిల్ దాకా చాలలేదు. మీటరును ఫోర్కు పైభాగానే కట్టాల్సొచ్చింది. తొక్కుతున్న మనిషికి అది కనపడదు. ఫరవాలేదు, ఎక్కువలో ఎక్కువ ఎంత వేగం పోయిందో అది గుర్తుపెట్టుకుంటుంది, ఆగాక చూడొచ్చని షాపతను అప్పుడే చెప్పాడు.

పరీక్ష ఎలా చెయ్యాలో ఆయనే ఆలోచించాడు. తొక్కకూడదు. తొక్కితే మళ్ళీ కాళ్ళ మాట వస్తుంది. నీళ్ళ ట్యాంకు మిట్ట నుంచి మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ గేటు దాకా దిగుడు రోడ్డుంది. అక్కడ పెడలు తొక్కకుండా, బ్రేకు పట్టకుండా బండిని వదిలెయ్యాలి. ముందు కొక్కెం ఫోర్కుతో, తర్వాత మామూలు ఫోర్కుతో. అదే చక్రం, అదే మీటరు, అదే మనిషి. మామూలు ఫోర్కూ పానాలూ గోనెసంచిలో వేసుకుని, గాలిలేని ఒక పొద్దున ఇద్దరూ వెళ్ళారు. ఆయన కింద ఫ్యాక్టరీ గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు.

ఆమెకు అప్పటికే యాభై దాటాయి. బ్రేకు పట్టకుండా దిగుడు దిగడమంటే ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవడమే. మొదటిసారి కొక్కెం ఫోర్కుతో దిగి, ఆగి, గంటకు ఎన్ని కిలోమీటర్లో వంగి చూసింది. ముప్పై నాలుగు చిల్లర. మళ్ళీ దిగింది. మళ్ళీ అంతే.

"ముప్పై నాలుగా!" ఆయన మొహం వెలిగిపోయింది. "తొక్కకుండా ముప్పై నాలుగు! ఇప్పుడు ఆ రెండోది బిగించు. ఇరవై ఎనిమిది దాటితే నా చెవి కోసిస్తా."

గేటు దగ్గరే ఫోర్కు మార్చింది. గుండ్రటి కాలికి సెన్సారు పెట్టగానే ఏ అలకా లేకుండా కూర్చుంది. సైకిలు నడిపించుకుంటూ మిట్ట ఎక్కింది, దిగింది, ఆగింది, చూసింది.

ముప్పై నాలుగు చిల్లర.

ఆయనతో ఏమీ అనకుండా మళ్ళీ మిట్ట ఎక్కి, మళ్ళీ దిగింది. మార్పు లేదు.

"ఎంత?" అని ఆయన గేటు దగ్గర నుంచి అరిచాడు.

"అప్పుడు ఏమనుకున్నావక్కా?" అని నేనడిగాను. దుప్పటి కొసలు సరిచూసి, మడత వేస్తూ చెప్పింది. "ఇరవై ఎనిమిది అంటే పోయేది కదా. ఆయన చూసొచ్చేది లేదు. చచ్చేదాకా సుఖంగా ఉండేవాడు. అందామనే నోరు తెరిచా. కానీ అమ్మ పడుకున్న గది తలుపు కళ్ళ ముందు కనపడింది. దేనికోసం ఆ తలుపు దగ్గర నిలబడిపోయానో, అది ఇంతే అని తెలిశాక అబద్ధం రాలేదు."

"ముప్పై నాలుగే" అంది ఆయనతో.

"మొదటిది కాదు. ఇప్పటిది."

"ఇప్పటిదే. రెండుసార్లూ అంతే. తేడా ఏం లేదండీ. మీదేం నెమ్మది కాదు. ఎక్కువా కాదు."

ఆయన ఊచలు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. "సరిగ్గా చూడు."

"చూశాను."

"మీటరు పాతది చెరిపావా?"

"చెరిపాను. దిగే ముందు ప్రతిసారీ చెరిపాను."

"అబద్ధం!" గేటు ఊచలు గలగలమన్నాయి. "నాకు చూపు లేదని ఆడుకుంటున్నావా? ఇన్నేళ్ళు నా తిండి తిన్నావు, నీ కళ్ళు మాత్రం నీ తమ్ముడివి!"

ఆమె జన్మలో మొదటిసారి నవ్వి ఊరుకోలేదు. "నా మాట నమ్మొద్దు. రోడ్డు మీద బోలెడుమంది పోతున్నారు. ఎవర్నైనా పిలవండి, చదివి చెప్తారు."

పొద్దుటి పనులకు వెళ్ళేవాళ్ళు, పాలవాళ్ళు, బడి పిల్లలు అందరూ అక్కడి నుంచే పోతున్నారు. అడుగుల చప్పుడు ఆయనకు వినపడుతూనే ఉంది. మొహం పక్కకు తిప్పి ఒక్కొక్కరినీ పోనిచ్చాడు. ఒక్కరినీ పిలవలేదు.

అక్కడే ఆమెకు అర్థమైపోయింది. నమ్మక కాదు, నమ్మాడు కాబట్టే తిడుతున్నాడు.

ఒక చేత్తో సైకిలూ, ఇంకో చేత్తో ఆయన భుజమూ పట్టుకుని ఇంటికి నడిపించుకు వచ్చింది. దారిలో ఆయన సెన్సారుది తప్పన్నాడు, పట్టీ కదిలిందన్నాడు, మళ్ళీ కొలవాలన్నాడు. ఆమె ఊ కొట్టలేదు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు పక్కన పెట్టి, సైకిలు తీసుకుని బయల్దేరింది.

"ఎక్కడికే?"

"ఇప్పుడే వస్తా."

తమ్ముడి ఇల్లు ఎక్కడో ఆమెకు ఎప్పుడూ తెలుసు. వెళ్ళేసరికి వరండాలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్నాడు. తల ఎత్తి చూసి, ఒక బూటు చేత్తో పట్టుకునే ఉండిపోయాడు.

"అక్కా?"

ఆమె దారంతా కూడబలుక్కున్న మాట ఒక్కటే. కూర్చోకుండానే చెప్పేసింది. "ఆ ఫోర్కు కొలిచాంరా. అది నిన్ను గెలిపించలేదు. నిన్ను ఆపనూ లేదు. గెలిచింది నువ్వే. ఇంక దాని మీద కోపాలొద్దు."

"ఏ ఫోర్కు?" అన్నాడు తమ్ముడు.

ఆమె అర్థం కానట్టు చూసింది. "మీ బావ చేసిన ఫోర్కు. పందెం ఫోర్కు."

"ఓ... ఆ వంకరదా? బావ తీసుకెళ్ళిపోయాడుగా." బూటు పక్కన పెట్టాడు. "దాని మీద నాకేం కోపం? ఇన్నేళ్ళూ నేను దాని కోసమే మీ ఇంటికి రాలేదనుకున్నావా?"

"మరి?"

"అమ్మ నిన్ను అడిగిందక్కా. కళ్ళు తెరిచినప్పుడల్లా అడిగింది. అదే ఆసుపత్రిలో, కిందే నీ పని. మెట్లెక్కి రాలేకపోయావు. ఫోర్కు గీర్కూ నాకేం తెలీదు. నాకు తెలిసింది అదొక్కటే."

"వచ్చానురా" అంది ఆమె. "ఒకరోజు నువ్వు టీకి వెళ్ళినప్పుడు వచ్చాను. అమ్మ నిద్రపోతోంది."

తమ్ముడు ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. తిట్టి ఉంటే బాగుండేదంది నాతో. తిట్టలేదు. దారిన పోయే మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు. "ఇప్పుడు చెప్తున్నావా, అక్కా?"

ఒకే రోజు రెండు నిజాలు చెప్పింది. రెంటికీ సాక్ష్యం లేదు.

మంచినీళ్ళు ఇచ్చాడు. తాగింది. ఇంట్లోవాళ్ళు బాగున్నారా అని అడిగింది, బాగున్నారన్నాడు. బావ కళ్ళ గురించి అతను అడిగాడు, చెప్పింది. వస్తానంది. అతను గేటు దాకా వచ్చాడు. మళ్ళీ రమ్మని అనలేదు, రావద్దనీ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి ఆయన పెరట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. గోనెసంచిలోంచి కొక్కెం ఫోర్కు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వంపులన్నీ వేళ్ళతో తడుముకుంటున్నాడు, ఎక్కడ తప్పు చేశానా అని.

"ఎక్కడికెళ్ళావు?"

"తమ్ముడింటికి."

ఆ మాట ఈ గోడల మధ్య అనడానికి ఇన్నేళ్ళు భయపడింది. అనేశాక పిడుగులేం పడలేదు. ఆయన ఇంట్లోంచి పొమ్మంటాడనుకుంది. అనలేదు. పొమ్మంటే మర్నాడు పొద్దున పేపరు చదివేవాళ్ళు ఎవరున్నారు? వేళ్ళు మాత్రం ఆగిపోయాయి. ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టున్న గొంతుతో అడిగాడు.

"నా ఫోర్కు గురించి ఏమన్నాడు?"

ఆమె దగ్గర చెప్పడానికి ఇంకొక నిజం ఉంది. అది చెబితే ఆయన ఏమవుతాడో తెలుసు. మెత్తగా చెప్పే దారులు కూడా తెలుసు. అయినా ఉన్నదున్నట్టే చెప్పింది.

"ఏ ఫోర్కు అన్నాడు."

ఆయన తల వంచుకున్నాడు. కక్ష తీరితే మనసు తేలికవుతుందంటారు కదా, తన మనసు తేలికైందా అని ఆమె చూసుకుందట. ఏమీ కాలేదు. పొయ్యి వెలిగించడానికి లోపలికి వెళ్ళింది.